వ్యాక్యూమ్ క్లీనర్ నుంచి కాలిన వాసన వస్తోందా? ముందు ప్లగ్ తీయండి, తర్వాత ఈ ఎపిసోడ్ చూడండి

ఈరోజు మన షాపు బల్ల మీద మూడు వ్యాక్యూమ్ క్లీనర్లు ఉన్నాయి. ఒకటి డబ్బా టైపు, మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది. రెండోది నీళ్లు కూడా లాగే డ్రమ్ము టైపు. మూడోది కర్ర టైపు, వైరు లేకుండా ఛార్జింగ్ మీద నడిచేది. మూడూ ఒకటే కంప్లైంట్ మీద వచ్చాయి. "అన్నా, కాలిన వాసన వస్తోంది."

కంప్లైంట్ ఒకటే గానీ కారణాలు మూడు. ఒకదానికి పార్టు ఏమీ అక్కర్లేదు, శుభ్రం చేస్తే చాలు. ఒకదానికి చిన్న పార్టు మార్చాలి. ఇంకోదాన్ని మాత్రం అలా వాడనే కూడదు. ఏది ఏదో ఈ ఎపిసోడ్ పూర్తయ్యేలోపు మీరే చెప్పేస్తారు.

అయితే ఒక్క మాట. మీ ఇంట్లో ఇప్పుడే వాసన వచ్చి, ఫోన్ తీసి ఈ వీడియో పెట్టుకున్నారా? అయితే వీడియో ఆపండి. మెషీన్ స్విచ్ ఆపండి, గోడ దగ్గర స్విచ్ ఆపండి, ప్లగ్ తీయండి. వైరు పట్టుకుని లాగొద్దు, ప్లగ్ పట్టుకుని తీయండి. ప్లగ్ బాగా వేడిగా ఉన్నా, సాకెట్ లోంచి పొగ వస్తున్నా దాన్ని ముట్టుకోవద్దు. నేరుగా మెయిన్ బోర్డు దగ్గరికెళ్లి ఎం.సి.బి. దించేయండి. నీళ్లు మాత్రం పోయొద్దు. మంట కనిపిస్తే అందరూ బయటికి వచ్చేసి, ఆ గది తలుపు మూసేసి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మెషీన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

మంట, పొగ ఏమీ లేకపోతే కనీసం ఓ అరగంట దాన్ని అలా చల్లారనివ్వండి. ఇక్కడే మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. ఒకరు "వాసన వస్తోంది" అంటారు. ఇంకొకరు వచ్చి "ఏదీ, ఇంకోసారి ఆన్ చెయ్, చూద్దాం" అంటారు. తర్వాత నాన్నగారు వస్తారు, ఆయన కోసం మళ్లీ ఆన్. వాసన పట్టడానికి మెషీన్ ని మళ్లీ తిప్పక్కర్లేదు. ఆగిపోయిన మెషీన్ లోనే కారణం కనిపిస్తుంది. అదే ఈరోజు చూద్దాం.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మిక్సీ మీకు తెలుసు కదా. గట్టిగా ఉన్న పప్పు వేసి, నీళ్లు పోయకుండా తిప్పితే ఒక వాసన వస్తుంది. కాసేపటికి ఆగిపోతుంది. కింద ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. వైరుతో నడిచే వ్యాక్యూమ్ క్లీనర్ లో ఉండేది దాదాపు ఆ జాతి మోటారే. కార్బన్ బ్రష్ లు ఉంటాయి, చాలా వేగంగా తిరుగుతుంది.

కానీ ఒక తేడా ఉంది. మిక్సీలో లోడు పెరిగి మోటార్ వేడెక్కుతుంది. వ్యాక్యూమ్ లో గాలి ఆగిపోయి వేడెక్కుతుంది. మామూలు డబ్బా టైపులో చాలావరకు, లోపలికి లాగిన గాలే దుమ్ము వడకట్టుకున్నాక మోటార్ మీదుగా వెళ్లి బయటికి పోతుంది. మోటార్ ని చల్లబరిచేది ఆ గాలే. బ్యాగు నిండినా, ఫిల్టర్ మూసుకుపోయినా, గొట్టంలో ఏదైనా ఇరుక్కున్నా ఆ గాలి తగ్గిపోతుంది. మోటార్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే ఎక్కువ వేగంతో తిరుగుతుంది. అందుకే అప్పుడు సౌండ్ సన్నగా, కీచుగా మారుతుంది. ఆ కీచు సౌండ్ ని గుర్తుపెట్టుకోండి. చాలాసార్లు వాసన కంటే ముందు వచ్చే హెచ్చరిక అదే.

దీని పుట్టుక కథ చిన్నగా చెప్తా. 1907 ప్రాంతంలో అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్లో, జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకి ఉబ్బసం. ఆ దుమ్ము పడేది కాదు. దాంతో ఒక ఫ్యాన్ మోటార్, ఒక చీపురు కర్ర, ఒక దిండు గలీబు కలిపి మెషీన్ తయారు చేసుకున్నాడు. 1908లో పేటెంట్ వచ్చింది. దిండు గలీబే ఎందుకు? గుడ్డలోంచి గాలి బయటికి పోవాలి, దుమ్ము లోపల ఉండిపోవాలి. మెషీన్లు ఎంత మారినా రూల్ మాత్రం అదే. గాలికి దారి ఉండాలి. దారి మూస్తే వేడి, వేడి పెరిగితే వాసన.

వాసన ఎక్కడి నుంచి, ఎలాంటిది?

ప్లగ్ తీసేశాక మూడు చోట్ల చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, వాసన చూడండి. ఒకటి, గాలి బయటికి వచ్చే జాలీ దగ్గర. రెండు, నేలని తాకే మూతి దగ్గర. మూడు, ప్లగ్ దగ్గర, వైరు మెషీన్ లోకి వెళ్లే చోట. ఎక్కడ ఎక్కువ వేడిగా ఉందో, ఎక్కడ వాసన ఘాటుగా ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మొదటిది, వేడెక్కిన దుమ్ము వాసన. మట్టి కాలినట్టు, పాత గుడ్డ ఇస్త్రీ పెట్టె కింద మాడినట్టు ఉంటుంది. జాలీ దగ్గర వస్తుంది. ఇది ఎక్కువగా బ్యాగు, ఫిల్టర్, గొట్టం సంగతి. బ్యాగు ఖాళీ చేయండి, ఫిల్టర్ దులపండి. గొట్టాన్ని రెండు వైపులా విప్పి, నిటారుగా పట్టుకుని, పైనుంచి ఒక రూపాయి బిళ్ళ వేయండి. కిందికి టక్కున పడితే దారి క్లియర్. పడకపోతే మీ సాక్సో, పిల్లల బొమ్మ ముక్కో లోపల ఉంది.

ఫిల్టర్ కడగొచ్చా? కొన్ని కడగొచ్చు, కొన్ని హెపా ఫిల్టర్లు కడిగితే పాడైపోతాయి. మాన్యువల్ లో రాసి ఉంటుంది. కడిగితే మాత్రం నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. తడి ఫిల్టర్ పెడితే దుమ్ము దానికి బురదలా అంటుకుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది.

మన ఇళ్లకి ప్రత్యేకంగా ఉన్న శత్రువులు కొన్ని చెప్తా. ముగ్గుపిండి. చూడ్డానికి మెత్తగా ఉంటుంది, ఫిల్టర్ రంధ్రాలన్నీ మూసేస్తుంది. సంక్రాంతి తర్వాత మా దగ్గరికి వచ్చేవాటిలో ఇదే ఎక్కువ. వంటింట్లో ఒలికిన శనగపిండి, టాల్కమ్ పౌడర్ కూడా అంతే. వీటికి తడిగుడ్డే కరెక్ట్. ఇంకోటి అగరబత్తి బూడిద, సాంబ్రాణి బూడిద. పైకి ఆరిపోయినట్టే ఉంటుంది, లోపల చిన్న నిప్పు కణిక ఉండొచ్చు. పొయ్యి గొట్టంతో ఊదితే నిప్పు ఎలా రాజుకుంటుందో తెలుసు కదా. వ్యాక్యూమ్ చేసేది కూడా అదే, నిప్పు మీద గాలి లాగుతుంది. చుట్టూ ఉండేది ఎండు దుమ్ము, జుట్టు, కాగితం బ్యాగు. కాబట్టి బూడిద ఎప్పుడూ లాగొద్దు. దీపావళి మర్నాడు బాల్కనీలో టపాసుల చెత్త కూడా వద్దు. చీపురు తీయండి.

రెండోది, రబ్బరు వాసన. టైరు కాలినట్టు ఉంటుంది, మూతి దగ్గర వస్తుంది. మోటార్ తో తిరిగే బ్రష్ ఉన్న మెషీన్లలో ఇది వస్తుంది. నిలువు టైపు వాటిలో, కొన్ని కర్ర టైపు వాటిలో బ్రష్ ని తిప్పడానికి రబ్బరు బెల్ట్ ఉంటుంది. బ్రష్ కి జుట్టు చుట్టుకుని ఆగిపోతే, బెల్ట్ ఒకే చోట రాసుకుని కాలుతుంది. ఇదిగో, ఈ బెల్ట్ చూడండి, ఒక పక్క ఎలా నున్నగా, మెరుస్తూ అయిపోయిందో. అమెరికాలో, యూకేలో కార్పెట్ ఇళ్లలో ఉంటున్న మన వాళ్లకి ఈ సమస్య బాగా తెలిసి ఉంటుంది. ఇంట్లో పొడుగు జుట్టు ఉన్నవాళ్లు ఇద్దరుంటే చాలు, బ్రష్ కి జడ అల్లినట్టు అయిపోతుంది. పూలదండ దారాలు, చీర అంచు పోగులు కూడా చుట్టుకుంటాయి.

ప్లగ్ తీసి, లేదా బ్యాటరీ తీసి, బ్రష్ బయటికి లాగి, కత్తెరతో ఆ చుట్టు పొడవునా కోసి తీసేయండి. రెండు చివర్లూ మర్చిపోవద్దు, బేరింగ్ దగ్గరే జుట్టు ఎక్కువ దూరుతుంది. తర్వాత వేలితో తిప్పితే బ్రష్ ఈజీగా తిరగాలి. బెల్ట్ సాగినా, పగుళ్లు ఉన్నా మార్చేయండి. చాలా మోడల్స్ లో దీన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు.

మూడోది, ఘాటైన కరెంటు వాసన, జాలీలోంచి నిప్పురవ్వలు. కార్బన్ బ్రష్ లు అరిగిపోతే ఇలా ఉంటుంది. కొత్త మెషీన్ లో మొదటి కొన్నిసార్లు కాస్త వాసన రావడం, లోపల సన్నగా నీలం మెరుపు కనిపించడం మామూలే. కానీ పాత మెషీన్ లో రవ్వలు పెద్దగా, నారింజ రంగులో వస్తుంటే, ఆగి ఆగి తిరుగుతుంటే, బ్రష్ లు చూడాలి. బల్ల మీద ఉన్న డ్రమ్ము టైపుది ఇదే కేసు. చూడండి, కొత్త బ్రష్ ఇంత పొడుగు, ఇది చూడండి, గోరంత మిగిలింది. మోటార్ మొత్తం మార్చేదానితో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు. కానీ ఇది షాపులో చేయించండి. మోటార్ విప్పడం ఇంట్లో ప్రయోగం చేసే పని కాదు.

నాలుగోది, ప్లాస్టిక్ కాలిన వాసన. కొంతమందికి అది చేపల వాసనలా అనిపిస్తుంది. ఇంట్లో చేప వండలేదు, అయినా సాకెట్ దగ్గర ఆ వాసన వస్తోందంటే సీరియస్ గా తీసుకోండి. ప్లగ్, సాకెట్, వైరు పైనుండే ప్లాస్టిక్ వేడికి అలా వాసన వేస్తుంది. ఇక్కడ తప్పు మెషీన్ ది కాకపోవచ్చు, మీ గోడది కావచ్చు.

చిన్న లెక్క

మీ మెషీన్ కింద స్టిక్కర్ మీద వాట్లు ఉంటాయి. దాన్ని 230తో భాగించండి. 1600 వాట్లు అయితే, 230తో భాగిస్తే దాదాపు 7 ఆంపియర్లు. మన ఇంట్లో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. అంటే 1600 వాట్ల మెషీన్ పెద్ద సాకెట్ కే, అదే 16 ఆంపియర్ల దానికే పెట్టాలి. దానికి పెద్ద పిన్నుల ప్లగ్ అందుకే ఇస్తారు. మనం ఏం చేస్తాం? ఒక కన్వర్టర్ కొని చిన్న సాకెట్ కి తగిలిస్తాం. లేదా టీవీ, సెట్ టాప్ బాక్స్, ఫోన్ ఛార్జర్ ఉన్న ఎక్స్ టెన్షన్ బోర్డుకే దీన్ని కూడా పెడతాం. ఆ సన్నటి వైరు వేడెక్కుతుంది.

ఇంకా మెషీన్ లోకి చుట్టుకునే వైరు ఉంటుంది కదా, దాన్ని సగం లాగి వాడొద్దు. చుట్టలో ఉండిపోయిన వైరు వేడి బయటికి పోక లోపలే ఉడుకుతుంది. వైరు మీద గుర్తు వచ్చేదాకా లాగి వాడండి. సాకెట్ గోధుమ రంగులోకి మారినా, ప్లగ్ వదులుగా ఊగినా ముందు ఎలక్ట్రీషియన్ ని పిలవండి. వేరే సాకెట్ కి మార్చి వాడేయడం పరిష్కారం కాదు. రేపు ఆ పాడైన సాకెట్ కే ఎవరో ఇస్త్రీ పెట్టె పెడతారు.

ఆ డబ్బా మెషీన్ కథ

ఇప్పుడు మొదటి మెషీన్ దగ్గరికి వద్దాం. దీన్ని తెచ్చినాయన చాలా కోపంగా ఉన్నారు. "మా పనామె కాల్చేసింది అన్నా. మోటార్ ఎంతవుతుందో చెప్పు, ఆమె జీతంలో పట్టుకుంటా" అన్నారు. ఆమె కూడా పక్కనే ఉంది, మెషీన్ మోసుకొచ్చింది ఆమే. ఆమె అన్నది ఒకటే మాట. "నాలుగు రోజుల నుంచి చెప్తున్నా సార్, వాసన వస్తోందని. దుమ్ము వాసనేలే, కానియ్ అన్నారు."

నేనేమీ అనలేదు. ఇద్దరి ముందే మూత తీశాను. ఇదిగో, ఆ ఫిల్టర్ ని అలాగే ఉంచాను మీకు చూపించడానికి. దీని రంగు చూడండి. ఇంటి దుమ్ము బూడిద రంగులో, పీచు పీచుగా ఉంటుంది. ఇది తెల్లగా, పిండిలా, పేస్టులా గట్టిపడిపోయింది. "సార్, ఇంట్లో పెయింటింగ్ పని ఏమైనా చేయించారా?" అని అడిగాను. చేయించారట. గోడలకి పుట్టీ పెట్టి గీకించారు. ఆ పుట్టీ పొడి మొత్తం దీంతో ఊడ్పించారు. మామూలు ఇంటి వ్యాక్యూమ్ లో పుట్టీ పొడి, సిమెంట్ పొడి లాగకూడదు. అంత మెత్తటి పొడి ఫిల్టర్ ని గోడలా మూసేస్తుంది. మోటార్ కి గాలి అందలేదు, వేడెక్కింది, లోపలున్న థర్మల్ కటాఫ్ దాన్ని ఆపేసింది. అంటే మెషీన్ తనని తాను కాపాడుకుంది. కాలిపోలేదు.

మోటార్ మీదున్న పొడిని బ్లోయర్ తో ఊది, అదే మోడల్ ఫిల్టర్ ఒకటి షాపులో ఉంటే అది పెట్టి చూపించాను. వాసన లేదు, కీచు సౌండ్ లేదు. ఇంట్లో స్పేర్ ఫిల్టర్ ఉందని ఆయనే చెప్పారు. శుభ్రం చేసినందుకు మాత్రం తీసుకున్నాను, మోటార్ డబ్బులు లేవు. జీతం మాట మళ్లీ ఎత్తలేదు. వెళ్లేటప్పుడు ఆ మెషీన్ ఆయనే మోసుకెళ్లారు. అది నాకు నచ్చింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మెషీన్ చెడిపోగానే ఆఖరున దాన్ని పట్టుకున్న వాళ్ల మీద తోసేస్తాం. పనామె, లేకపోతే అమ్మ, లేకపోతే హాస్టల్ రూమ్మేట్. కానీ దాన్ని రోజూ పట్టుకునే వాళ్లకే సౌండ్ మారిందని, వాసన వస్తోందని అందరికంటే ముందు తెలుస్తుంది. వాళ్లు చెప్పిన రోజే ప్లగ్ తీసి ఉంటే ఐదు నిమిషాల పని. నిజం ఏంటో ఫిల్టర్ లోనే ఉంటుంది, తెరిచి చూడండి. తిట్టడం తర్వాత సంగతి.

కర్ర టైపు: దీంతో జాగ్రత్త

ఇక మూడోది. ఇది బ్యాటరీది. వాసన రబ్బరుది కాదు, దుమ్ముది కాదు. కాస్త తియ్యగా, నెయిల్ పాలిష్ రిమూవర్ లా ఉందని తెచ్చినమ్మాయి చెప్పింది. బ్యాటరీ ప్యాక్ చూడండి, ఇక్కడ ఉబ్బింది. ఇది లిథియం అయాన్ బ్యాటరీ, మన ఫోన్ లో ఉండే రకమే. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని ఎలా చూస్తారో దీన్నీ అలాగే చూడాలి. ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, వాడొద్దు, గుచ్చొద్దు, విప్పొద్దు. చల్లగా ఉంటే, సేఫ్ గా తీయగలిగితే, ఇంటికి దూరంగా, కాలే వస్తువులు లేని చోట పెట్టండి. బుస్సుమని సౌండ్ వస్తున్నా, పొగ వస్తున్నా దాని దగ్గరికే వెళ్లొద్దు. మామూలు చెత్తబుట్టలో వేయొద్దు, చెత్త బండిలో నలిగితే అక్కడ మంటలు వస్తాయి. కంపెనీ సర్వీస్ సెంటర్ కి గానీ, ఈ వేస్ట్ తీసుకునే వాళ్లకి గానీ ఇవ్వాలి.

ఇలా కాకుండా ఉండాలంటే రెండు అలవాట్లు చేసుకోండి. దాంతో వచ్చిన ఛార్జరే వాడండి. వాడిన వెంటనే వేడి మీద ఛార్జింగ్ పెట్టకుండా కాసేపు ఆగండి. రాత్రంతా మంచం పక్కన, గుమ్మానికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు.

షాపుకి వెళ్తే ఏం అడగాలి?

వారంటీ ఉంటే మీరు స్క్రూ విప్పొద్దు, బిల్లు పట్టుకుని కంపెనీ సర్వీస్ కి వెళ్లండి. వారంటీ లేకపోతే ఎక్కడైనా సరే మూడు అడగండి. ఒకటి, "ఏ పార్టు పోయింది, చూపించండి." రెండు, "మార్చే ముందు ఎంతవుతుందో రాసివ్వండి." మూడు, "పాత పార్టు నాకు ఇచ్చేయండి." వాసన అనగానే "మోటార్ పోయింది" అంటే, "బ్రష్ లు చూశారా, ఫిల్టర్ చూశారా?" అని అడగండి. మా షాపుకి వచ్చినా ఇవే అడగండి, నేనేమీ అనుకోను. కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ అని ఒక పోర్టల్ కూడా పెట్టింది. అందులో చేరిన కంపెనీల సర్వీస్, పార్టుల వివరాలు దొరుకుతాయి. కంపెనీతో గొడవ తెగకపోతే వినియోగదారుల హెల్ప్ లైన్ నంబర్ 1915.

ఎప్పుడు తిరిగి వాడొచ్చు? శుభ్రం చేశాక, పూర్తిగా చల్లారాక, సరైన సాకెట్ లో పెట్టి ఒక రెండు నిమిషాలు పక్కనే ఉండి నడపండి. సౌండ్ మామూలుగా ఉండి, వాసన లేకపోతే ఓకే. మళ్లీ వాసన వచ్చిందంటే ఇక ఇంటి వైద్యం ఆపేసి షాపుకి తీసుకెళ్లండి. మూడోసారి ట్రై చేయొద్దు.

అంతే ఫ్రెండ్స్. మీ మెషీన్ లో వాసన వస్తుంటే కామెంట్ లో మూడు రాయండి: ఎలాంటి వాసన, ఎక్కడి నుంచి, సౌండ్ మారిందా లేదా. నేను చూసి జవాబిస్తాను. ఈ వీడియోని ఫ్యామిలీ గ్రూపులో వేయండి, ముఖ్యంగా మీ ఇంట్లో వ్యాక్యూమ్ ఎవరు పడతారో వాళ్లకి చూపించండి. వచ్చే ఎపిసోడ్ లో గీజర్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి, జాగ్రత్త.